సోమరి కన్ను మళ్ళీ చూడగలదా?

పసితనంలో వెనుకబడిన కంటికి పెద్దయిన తరువాత చికిత్స లేదని వైద్యులు తరాల తరబడి చెబుతూ వచ్చారు. ఆ మాటకు ఆధారమైన ప్రయోగాలు నిజమైనవే. వాటినుండి తీసిన తీర్పులోనే తొందరపాటున్నది.

2002వ సంవత్సరంలో ఒకనాడు అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో సూసన్ బారీ అనే జీవశాస్త్ర ఆచార్యురాలు కంటి శిక్షణ ముగించుకొని వచ్చి తన కారులో కూర్చున్నారు. యథాలాపంగా స్టీరింగు చక్రం వైపు చూచి నివ్వెరపోయారు. ఆ చక్రం దాని వెనుకనున్న పలకనుండి విడివడి ముందుకు వచ్చి నిలిచినట్లున్నది. చక్రానికీ పలకకూ నడుమ ఖాళీ ఉన్నది. ఆ ఖాళీ ఆమెకు స్పష్టంగా కనిపిస్తున్నది. అప్పటికి ఆమె వయస్సు 48 సంవత్సరాలు. అంతకు మునుపు ఎన్నడూ ఆమె రెండు వస్తువుల నడుమనున్న ఖాళీని అట్లా చూచి ఎరుగరు.

మూడు నెలల పసికందుగా ఉన్నప్పుడే ఆమెకు మెల్లకన్ను వచ్చింది. ఏడేళ్ళ వయస్సు నాటికి మూడు శస్త్రచికిత్సలు జరిగినవి. చూచేవారికి కళ్ళు చక్కబడినట్లే ఉన్నవి. కాని ఆ రెండు కళ్ళూ కలిసి పనిచేయడం నేర్చుకోలేదు. ఒక క్షణం ఈ కంటితో, మరుక్షణం ఆ కంటితో చూడడమే ఆమెకు అలవాటయింది. లోకమంతా ఆమెకు గోడమీది చిత్రపటం వలె సమతలంగా కనిపించేది. ఆ సంగతి కూడా ఆమెకు కళాశాలలో చదివే రోజులలో, జంతువుల దృష్టిపై జరిగిన ప్రయోగాల గురించి ఒక తరగతిలో విన్న తరువాతనే తెలిసినది.

1996లో నాడీవైద్యుడూ రచయితా అయిన ఆలివర్ శాక్స్ ఒక సమావేశంలో ఆమెను ఒక ప్రశ్న అడిగారు: రెండు కళ్ళతో లోతును చూడడం ఎట్లా ఉంటుందో మీరు ఊహించుకోగలరా? నాడీశాస్త్రం బోధించే ఆచార్యురాలు గనుక ఆమె ఊహించుకోగలనన్నారు. 2004లో ఆమె ఆయనకొక లేఖ వ్రాస్తూ, నాటి తన సమాధానం తప్పని ఒప్పుకొన్నారు. మంచు కురుస్తూంటే ఆ తునకలు మునుపు తనకు ఎదుట వ్రేలాడే ఒక తెరలాగా కనిపించేవనీ, ఇప్పుడు ఒక్కొక్క తునకా తన చోటులో తాను రాలుతుండగా వాటి మధ్య తాను నిలిచి ఉన్నట్లున్నదనీ వివరించారు. శాక్స్ ఇద్దరు నిపుణులను వెంటబెట్టుకొని వెళ్ళి ఆమె చూపును పరీక్షించి, 2006లో ఆ ఉదంతాన్ని ప్రకటించారు. 2009లో బారీ తానే ఒక గ్రంథం వ్రాశారు.

నాటి పాఠ్యగ్రంథాల ప్రకారం ఇది జరుగరాని విషయం. ఎందుకు జరుగరాదో, మరి ఎట్లా జరిగిందో తెలుసుకోవాలంటే కంటినుండి మెదడుకు వెళ్ళే దారిని కొంత పరిశీలించాలి.

కన్ను చెబుతుంది, మెదడు వినదు

సోమరి కన్ను అన్న పేరు నిజానికి ఆ కంటిపై మోపిన నింద. వైద్యపరిభాషలో అంబ్లియోపియా అనే ఈ లోపంలో కంటిగుడ్డు సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటుంది. కాంతి లోపలికి వెళుతుంది, కంటిపొరపై బొమ్మ పడుతుంది, నాడుల ద్వారా వార్త మెదడుకు చేరుతుంది. ఆ వార్తను మెదడు లెక్కచేయదు. ఎంత సరియైన అద్దాలు పెట్టినా చూపు తేటపడకపోవడానికి కారణమిదే.

ఈ స్థితికి సామాన్యంగా మూడు కారణాలు. ఒకటి మెల్లకన్ను: రెండు కళ్ళు రెండు దిక్కులు చూడడం. రెండవది, ఒక కంటికి హెచ్చు, రెండవ కంటికి తక్కువ పవరు ఉండడం. మూడవది, పుట్టుకతో వచ్చిన శుక్లం వలననో, వాలిపోయిన రెప్ప వలననో ఒక కంటికి వెలుగు సరిగా అందకపోవడం. మూడింటిలోనూ రెండు కళ్ళు పంపే బొమ్మలు ఒకదానితో ఒకటి పొసగవు. ఇద్దరు సాక్షులు ఒకే సంఘటనను పొంతన లేకుండా చెబుతూంటే న్యాయాధికారి ఒకరి సాక్ష్యాన్ని త్రోసిపుచ్చినట్లు, పసిమెదడు కూడా రెండు బొమ్మల గందరగోళం తప్పించుకోవడానికి ఒక కంటి మాటను అణచివేస్తుంది. ఆ అణచివేత ఏళ్ళ తరబడి సాగి స్థిరపడిపోతుంది.

జనాభాలో నూటికి ఒకరు మొదలు ముగ్గురి వరకు ఈ లోపం ఉన్నవారే. వీరిలో చాలామందికి ఆ సంగతి తెలియదు. మంచి కన్ను పని గడిపివేస్తుంది గనుక ఇంట్లోవారికీ అనుమానం రాదు. సూదిలో దారం ఎక్కించేటప్పుడు, మెట్లు దిగేటప్పుడు, విసిరిన బంతిని పట్టేటప్పుడు మాత్రం తడబాటు కనిపిస్తుంది. అసలు ప్రమాదం వేరే ఉన్నది. దెబ్బ తగిలియో, జబ్బు చేసియో ఆ ఒక్క మంచి కన్ను పోతే వెనుక నిలిచే కన్ను లేదు.

పిల్లికూనలు నేర్పిన పాఠం

చికిత్స కొత్తదేమీ కాదు. మంచి కంటికి గంత కట్టి మందకొడి కంటికి పని కల్పించాలన్న సూచనను ఫ్రెంచి ప్రకృతిశాస్త్రవేత్త బుఫాఁ 1743లోనే ప్రచురించాడు. నేటికీ పిల్లలకు ఇచ్చే చికిత్సలలో అద్దాల తరువాత ముఖ్యమైనది ఆ గంతయే. చిన్నపిల్లలలో చక్కగా పనిచేసే ఈ ఉపాయం పెద్దవారిలో ఎందుకు విఫలమవుతున్నదో రెండు శతాబ్దాలకు పైగా ఎవరికీ అంతుబట్టలేదు.

1960 తరువాత హార్వర్డు విశ్వవిద్యాలయంలో డేవిడ్ హ్యూబెల్, టోర్‌స్టెన్ వీజెల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దీనికి సమాధానం చూపారు. వారు పిల్లికూనల ఒక కంటిరెప్పను కొన్ని వారాలు మూసి కుట్టివేసి, ఆపైన విప్పారు. కన్ను బాగానే ఉన్నది. కాని మెదడులోని దృష్టికేంద్రంలో ఆ కంటికి స్పందించే కణాలు దాదాపు లేకుండా పోయినవి. అవన్నీ తెరచి ఉన్న కంటి వశమైపోయినవి. ఎదిగిన పిల్లికి అదే విధంగా కన్ను మూసినా ఏ నష్టమూ కలుగలేదు. పుట్టిన నాలుగైదు వారాలకు ఈ ప్రమాదం పరాకాష్ఠకు చేరి, సుమారు మూడు నెలలకు సమసిపోతున్నదని 1970లో వారు నిర్ధారించారు. ఈ కృషికి 1981లో వారికి నోబెల్ బహుమానం లభించింది.

మెదడుకు మైనపుముద్ద వలె మలచబడే గుణమున్నది. శాస్త్రజ్ఞులు దీనినే ప్లాస్టిసిటీ అంటారు. ఆ గుణం బాల్యంలో మెండుగా ఉండి, వయస్సు వచ్చిన కొద్దీ తరిగిపోతుందని ఈ ప్రయోగాలు చాటినవి. మొక్కై వంగనిది మానై వంగునా అని మన పెద్దలు చెప్పిన మాటకు ప్రయోగశాల ముద్ర పడినట్లయింది. వీటివలన ఒక గొప్ప మేలు జరిగింది. పుట్టుశుక్లాలకూ మెల్లకన్నుకూ శస్త్రచికిత్స చేయడంలో జాగు చేయరాదని లోకమంతటా వైద్యులు గ్రహించారు. వేలాది పిల్లల చూపు నిలిచింది.

ఆ మేలు వెంటనే ఒక కీడు కూడా వచ్చింది. ఏడెనిమిదేళ్ళు దాటినవారికి, పెద్దవారికి ఇక ఏమీ చేయలేమన్న మాట వైద్యశాలలలో స్థిరపడిపోయింది.

చెడే కాలం వేరు, కోలుకొనే కాలం వేరు

ఇక్కడ ఒక సూక్ష్మమున్నది. ఏ వయస్సులో కన్ను మూస్తే నష్టం కలుగుతుందో పిల్లికూనల ప్రయోగాలు స్పష్టంగా చెప్పినవి. రెప్ప విప్పినంత మాత్రాన పోయిన చూపు తిరిగి రాదనీ చూపినవి. కాని తగిన శిక్షణతో, తగిన పరిస్థితులలో ఏ వయస్సు వరకు కోలుకోవచ్చునన్నది వేరొక ప్రశ్న. మొదటి ప్రశ్నకు వచ్చిన సమాధానాన్నే రెండవ ప్రశ్నకూ అన్వయించడం జరిగిపోయింది.

తన అనుభవాన్ని వివరిస్తూ బారీ హ్యూబెల్‌కే లేఖ వ్రాశారు. ఆయన ఆమెను నమ్మారు. మెల్లకన్ను గల జంతువులకు కళ్ళు సరిచేసి లోతుచూపు తిరిగివస్తుందేమో తాము ఎన్నడూ పరీక్షించి చూడలేదని తెలిపారు. రెండు కళ్ళనుండి వార్తలందుకొనే కణాలు పిల్లికూన మెదడులో పుట్టుకతోనే ఉంటాయని ఆయనా వీజెల్ కలిసి 1963లోనే కనుగొన్నారు. అటువంటి మూలాలు బారీ మెదడులోనూ ఎక్కడో మిగిలి, శిక్షణతో మేల్కొని ఉండవచ్చును.

బారీకి ఉన్నది మెల్లకన్నే గాని పూర్తి అర్థంలో సోమరి కన్ను కాదు. అద్దాలతో విడివిడిగా ఆమె రెండు కళ్ళూ బాగానే చూడగలవు. ఆమెకు లేనిది ఆ రెండింటి కలయిక. అందుచేత ఆమె కథ సోమరి కన్నుకు నేరుగా రుజువు కాదు. అయినా, గడువు దాటినదన్న తీర్పును తిరిగి విచారించవలసిన అవసరాన్ని ఆ కథ లోకానికి చూపింది.

విచారణకు తగిన సాక్ష్యాలు వైద్యుల రికార్డులలోనే ఉన్నవి. మంచి కంటిని కోల్పోయిన పెద్దలలో సోమరి కన్ను ఏమవుతున్నదని బ్రిటన్‌లో పరిశీలించి 2002లో ప్రకటించారు. అట్టి 254 మందిలో సుమారు పదింట ఒకరికి ఆ వెనుకబడిన కంటి చూపు దానంతట అదే మెరుగుపడింది. ఏళ్ళ తరబడి మూగవోయిన కన్ను, అణచివేసే కన్ను తొలగిపోగానే మాట్లాడింది. చూపు చచ్చిపోయి ఉంటే ఇది సాధ్యం కాదు. అణగి ఉన్నది గనుకనే సాధ్యమయింది.

గడియ తీసే ప్రయత్నాలు

బాల్యం ముగిసేసరికి మెదడులోని తలుపు గోడ కట్టినట్లు మూసుకుపోదు, లోపలినుండి గడియ పడుతుంది. గత పాతికేళ్ళ పరిశోధనల సారాంశమిది. ఆ గడియలు ఏమిటో ఒక్కొక్కటే బయటపడుతున్నవి.

మెదడులో ఇతర కణాలను అదుపులో ఉంచే కణాలు కొన్ని ఉన్నవి. ఎదుగుదల ముగిసే వేళకు వాటి చుట్టూ చక్కెర పదార్థాలూ మాంసకృత్తులూ కలిసిన ఒక వల అల్లుకొంటుంది. ఇటలీ శాస్త్రజ్ఞులు 2002లో ఎదిగిన ఎలుకల మెదడులో ఆ వలను ఒక ఎంజైముతో కరిగించగా, బాల్యంలోని మార్పు గుణం తిరిగి కనిపించింది. 2010లో తకావో హెన్ష్ బృందం లింక్స్‌1 అనే మాంసకృత్తు కూడా అట్టి గడియలలో ఒకటని చూపింది. అది లేని చిట్టెలుకలలో ఎదిగిన తరువాత కూడా మందచూపు చక్కబడినది.

2021లో వెలువడిన ప్రయోగం ఇంకా విశేషమైనది. అమెరికాలో మార్క్ బేర్, కెనడాలో కెవిన్ డఫీ మొదలైనవారు పిల్లులలోనూ చిట్టెలుకలలోనూ మంచి కంటిలోకి టెట్రోడోటాక్సిన్ అనే మందు ఎక్కించి, ఆ కంటిని కొద్ది దినాలు పూర్తిగా నిద్రపుచ్చారు. పఫర్ చేపలో ఉండే విషమే ఇది. గంత కట్టినప్పుడు కంటికి వెలుగు మాత్రమే ఆగుతుంది, కంటిపొరలోని కణాలు తమలో తాము మెదడుకు ఏవో సంకేతాలు పంపుతూనే ఉంటవి. ఈ మందుతో ఆ సంకేతాలు కూడా ఆగిపోయినవి. గడువు దాటిన వయస్సులో సైతం వెనుకబడిన కన్ను కోలుకొన్నది. మందు ప్రభావం తగ్గగానే మంచి కన్నూ యథాస్థితికి వచ్చింది. బ్రిటన్ రోగులలో దురదృష్టం చేసిన పనిని ఈ ప్రయోగం కంటికి హాని లేకుండా కొద్దిరోజుల పాటు చేసినట్లయింది.

కాని జంతువులకు పనిచేసినదంతా మనుషులకు పనిచేయదు. మానసిక వ్యాకులతకు ఇచ్చే ఫ్లూఆక్సెటిన్ అనే మందు ఎదిగిన ఎలుకలలో మందచూపును చక్కబరచినదని 2008లో తెలిసినప్పుడు గొప్ప ఆశ పుట్టింది. మనుషులపై జరిపిన పరీక్ష ఫలితం 2018లో వెలువడింది. మందు తీసుకొన్నవారికీ, మందు పేరిట ఉత్తి మాత్ర తీసుకొన్నవారికీ తేడా కనిపించలేదు. ఇరువర్గాలకూ కొంత మేలు జరిగింది. ఎందుకంటే ఇరువర్గాలూ కంటికి శిక్షణ పొందినవి.

కంటికి చదువు

శిక్షణ అంటే కనుగుడ్లను అటూ ఇటూ త్రిప్పడం కాదు. చూపు ఎక్కడ బలహీనమో అక్కడ మెదడుకు కఠినమైన పని కల్పించి, పదేపదే చేయించడం. ఇజ్రాయెల్ పరిశోధకుడు ఉరి పోలాట్, ఆయన సహచరులు 2004లో 9 నుండి 55 ఏళ్ళ వయస్సు గల 77 మందికి, బూడిదరంగు తెరపై వెలసిపోయినట్లున్న చారల మచ్చలను గుర్తించే పని ఇచ్చారు. కొన్ని వారాల అభ్యాసం తరువాత వెలుగునీడల స్వల్పభేదాన్ని గుర్తించే శక్తి సుమారు రెట్టింపయింది. అక్షరాలను పోల్చుకొనే శక్తి కూడా అదే మేరకు పెరిగింది.

మచ్చలను చూస్తూ కూర్చోవడం విసుగు పుట్టించే పని. అందుచేత కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ శాఖలో డెనిస్ లెవీ బృందం 2011లో వీడియో ఆటలను ఆశ్రయించింది. సోమరి కన్ను గల 20 మంది పెద్దలను పరీక్షకు తీసుకొని, మంచి కంటికి గంత కట్టి, మొత్తం 40 గంటల పాటు ఆడించారు. చూపు సుమారు మూడవ వంతు మెరుగుపడింది. గంత కట్టుకొని మామూలు పనులు చేసుకొన్నవారికి అట్టి లాభం కలుగలేదు. కన్ను ఊరికే తెరచి ఉంటే చాలదనీ, మనస్సు లగ్నమై పనిచేయాలనీ దీనివలన తేలింది.

రాబర్ట్ హెస్ మొదలైనవారు మరొక అడుగు ముందుకు వేశారు. అసలు లోపం రెండు కళ్ళు కలవకపోవడమే అయితే ఒక కంటిని మూసి చికిత్స చేయడమేమిటని వారి ప్రశ్న. 2013లో వారు పైనుండి జారే దిమ్మెలను పేర్చే టెట్రిస్ ఆటను రెండుగా విడదీశారు. ప్రత్యేకమైన అద్దాల ద్వారా జారే దిమ్మెలు ఒక కంటికి, క్రింద పేర్చినవి రెండవ కంటికి కనిపిస్తవి. మంచి కంటికి కనిపించే బొమ్మ వెలుగు తగ్గించారు. రెండు కళ్ళూ సహకరిస్తే తప్ప ఆట సాగదు. 18 మంది పెద్దలలో సగంమంది ఇట్లా, సగంమంది గంతతో దినానికొక గంట చొప్పున రెండు వారాలు ఆడారు. రెండు కళ్ళతో ఆడినవారికే ఎక్కువ లాభం కలిగింది. తరువాత గంత తీసి అదే పద్ధతిలో ఆడించగా మిగిలినవారూ పుంజుకొన్నారు.

ఆశకూ అత్యాశకూ నడుమ

ఇంతటితో విజయం లభించినదని చెప్పడానికి వీలులేదు. అదే తరహా ఆటను ఏడేళ్ళు దాటిన పిల్లలతోనూ పెద్దలతోనూ కలిపి 115 మందిచేత ఇళ్ళలో ఆరు వారాలు ఆడించిన పరీక్ష ఫలితం 2018లో వెలువడింది. అసలు ఆట ఆడినవారికీ, దానిని పోలిన ఉత్తి ఆట ఆడినవారికీ చెప్పుకోదగిన తేడా లేదు. ప్రయోగశాలలో నిపుణుని ఎదుట కుదిరిన ఏకాగ్రత ఇంటి సందడిలో కుదరదేమో. రెండు కళ్ళకు వేర్వేరు బొమ్మలు చూపే ఒక పద్ధతికి అమెరికా ప్రభుత్వ అనుమతి 2021లో లభించినా, నాటి ఆ అనుమతి 4 నుండి 7 ఏళ్ళ పిల్లలకే పరిమితమై ఉండేది.

ప్రమాదం కూడా లేకపోలేదు. మెదడు ఒక కంటిని అణచివేసినది రెండు బొమ్మల బాధ తప్పించుకోవడానికే. కళ్ళు సరిగా పొసగకుండానే ఆ అణచివేతను సడలిస్తే ప్రతి వస్తువూ రెండుగా కనిపించే అవస్థ దాపురించవచ్చును. ఒక్కొక్కరికి అది తిరిగి సర్దుకోదు. కనుక పెద్దవారు ఈ శిక్షణను నిపుణుని పర్యవేక్షణలోనే చేయాలి. వారం దినాలలో అద్దాలు పారవేయిస్తామనే ప్రకటనలకు దూరంగా ఉండాలి. లభించే మేలు కూడా పరిమితమే. కంటిపటంలో ఒకటి రెండు వరుసలు అదనంగా చదవగలగడం, కొందరికి లోతు కొంత తెలియడం సాధారణంగా కనిపించే ఫలితం.

అయినా గడువు అన్నది మునుపు అనుకొన్నంత కఠినం కాదని పిల్లల విషయంలోనే రుజువయింది. అమెరికాలో 7 నుండి 17 ఏళ్ళ వయస్సుగల 507 మందిపై జరిపిన పరీక్ష ఫలితాలను 2005లో ప్రకటించారు. 7 నుండి 12 ఏళ్ళవారిలో అద్దాలతో పాటు గంత మొదలైన చికిత్స పొందినవారికి నూటికి 53 మందికి మేలు కలిగింది. అద్దాలు మాత్రమే ధరించినవారిలో 25 మందికే కలిగింది. 13 ఏళ్ళు దాటినవారిలో సైతం, అంతకు మునుపు ఏ చికిత్సా పొందనివారికి నూటికి 47 మందికి చూపు మెరుగుపడింది.

మన దేశం నుండి కూడా ఒక బలమైన సాక్ష్యం లభించింది. ఢిల్లీ ఐ.ఐ.టి.లో చదివి అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో ఆచార్యుడైన పవన్ సిన్హా, పుట్టుశుక్లాలతో అంధులైన పేదపిల్లలకు శస్త్రచికిత్స చేయించే ప్రకాశ్ అనే పథకం నెలకొల్పారు. పన్నెండేళ్ళ వయస్సు వరకు చూపు లేక, ఆపైన శస్త్రచికిత్స పొందిన ఒక భారతీయ స్త్రీని ఆయన బృందం ఇరవయ్యేళ్ళ తరువాత పరీక్షించి 2006లో వివరాలు ప్రకటించింది. ఆమె చూపులో తేటదనం తక్కువే. అయినా ముఖాలనూ ఆకారాలనూ గుర్తించవలసిన పనులను చాలావరకు ఆమె నెరవేర్చగలిగింది. గడువు దాటినదన్న కారణంతో ఆమెను త్రిప్పి పంపి ఉంటే ఈ పాటి వెలుగు కూడా ఆమెకు దక్కేది కాదు.

వీటన్నిటి నుండి తేలేది రెండు ముక్కలు. పిల్లల విషయంలో తొందర, పెద్దల విషయంలో నిదానం. పిల్లలకు మూడు నాలుగేళ్ళ వయస్సులోనే ఒక్కొక్క కన్నూ విడిగా మూసి పరీక్షింపజేయాలి. తెలంగాణలో 2018 ఆగస్టు 15న ప్రారంభమైన కంటి వెలుగు, ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 10న బడిపిల్లలతో మొదలైన అదే పేరుగల పథకం కంటిపరీక్షను సామాన్యుల వద్దకు తీసుకొని వెళ్ళినవి. చూపు తక్కువైన పిల్లవానికి అద్దాలిప్పించడంతో పని ముగియదు, రెండు కళ్ళూ సమంగా చూస్తున్నవో లేదో తేల్చుకోవాలి. సోమరి కన్ను గల పెద్దవారు ముందుగా తమ మంచి కంటిని కాపాడుకోవాలి. వెల్డింగు, రాళ్ళు కొట్టడం వంటి పనులలో రక్షణ అద్దాలు తప్పనిసరి. ఆపైన ఆ వెనుకబడిన కంటికి సరియైన పవరు అద్దాలు ఎన్నడైనా వేసి చూచారా అని వైద్యుని అడగాలి. కొందరికి ఆ ఒక్కపనితోనే కొంత చూపు వస్తుంది.

ఇంతకాలం ఈ రోగులకు దొరికిన సమాధానం ఒక్కటే: వయస్సు మించిపోయింది, ఇక లాభం లేదు. నేటి జ్ఞానం ఇచ్చే సమాధానం మరీ తీయనిదేమీ కాదు. ఎంతవరకు లాభమున్నదో పరీక్షించి చూద్దాము అన్నదే ఆ సమాధానం. ఏళ్ళ తరబడి తలుపు దగ్గరనుండే వెనుదిరిగిన వారికి, లోపలికి పిలిచి కూర్చుండబెట్టే ఆ మాటే గొప్ప మార్పు.